మార్పు రాసినవారి పేరు

శనివారం పొద్దున వంటింటి బల్ల మీద ఒకపక్క నానబెట్టిన అనపగింజలు, ఇంకోపక్క నా కంప్యూటర్. గింజ పితికి తొక్క తీయడం, చెయ్యి తుడుచుకుని మౌస్ కదపడం. తెరమీద బాణం గుర్తు ఒక క్షణం ఆగిపోయి, ఎక్కడికో దూకుతోంది. నెల రోజులుగా ఇదే గోల.

"నీ చెయ్యే నిలకడగా లేదు వరూ. కొత్త మౌస్ కొనుక్కో," అన్నాడు మా ఆయన గురుమూర్తి మొదటిరోజే. రెండు కొన్నాను. ఇద్దరం ఒకే కంపెనీలో, దాని సొంత ఆపరేటింగ్ సిస్టమ్ మీద పనిచేస్తాం. పెళ్ళికి ముందు నేను ఏదైనా తప్పుందంటే సిస్టమ్ రాసిపెట్టుకునే లాగ్‌లు తెరిచి చూసేవాడు. ఇప్పుడు నా చెయ్యి చూస్తున్నాడు. నాకు ఒళ్ళు మండింది.

ఏదైనా పెద్ద ప్రోగ్రామ్ బిల్డ్ అవుతున్నప్పుడే మౌస్ దూకుతోందని గమనించాను. అంటే ప్రాసెసర్ మీద ఎవరి వంతు ఎప్పుడో తేల్చే షెడ్యూలర్, మౌస్ పనిని ఆలస్యంగా పిలుస్తోంది. సిస్టమ్‌కి గుండెకాయలాంటి కెర్నెల్‌లోనే ఉంటుందది. మూడు నెలల కిందటి కెర్నెల్ బాగానే ఉంది. అప్పటి నుంచి దాని కోడ్‌లో నాలుగు వందల మార్పులు. సగానికి సగం తగ్గించుకుంటూ వెళితే తొమ్మిది పరీక్షల్లో తేలుతుంది. ఒక్కో కెర్నెల్ తయారవడానికి ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాల్లోనే కుక్కరు, అత్తయ్య కాఫీ, బట్టలు.

"మిషను ముందర కూర్చుంటే గింజలు వాటంతట అవే వొలుచుకుంటాయేమమ్మా? మధ్యాన్నం భోజనానికి వర్తూరు చుట్టాలు వస్తా ఉండారు," అంది అత్తయ్య సత్యభామ. ఆయన సోఫాలోనే ఉన్నాడు. ఆయన్ని ఎవరూ గింజలు అడగలేదు.

తొమ్మిదో పరీక్షలో దొరికింది. ఆ మార్పు రాసింది గురుమూర్తి. పెద్ద పనుల వంతు పొడిగించి, మధ్యలో వచ్చే చిన్నచిన్న పనులు ఆగాలని రాశాడు.

మొదట నవ్వొచ్చింది, తర్వాత భయమేసింది. దిద్దుబాటు పదకొండు వరుసలే. కానీ దాని కింద, ఏ మార్పులోని తప్పును సరిచేస్తున్నామో, అది ఎవరు రాశారో రాయడం మా దగ్గర ఆచారం. టీమంతా చదువుతారు. రాసి, ఆయనకు చూపించాను.

చాలాసేపు చదివాడు. "ఫిక్స్ బాగుండాది. ఆ కింది వరుస తీసేసి పంపు. వచ్చేవారం నా ప్రమోషన్ రివ్యూ ఉండాది కదా. ఇంట్లో మాట ఇంట్లోనే ఉండనీ."

"మొగుడి పేరు చెడగొడితే నీకేమొస్తాదమ్మా?" అంది అత్తయ్య లోపల్నించి.

వేరే దిద్దుబాట్ల కింద అలాంటి వరుసలో నా పేరు ఇంతకుముందు మూడుసార్లు వచ్చింది. ఒకసారి రాసింది ఈయనే. ఆ రోజు నన్ను అడగలేదు. అడగాల్సిన అవసరమూ లేదు, తప్పు నాదే. కానీ నేను రాసిచ్చిన డిజైన్ మీంచి నా పేరు తీసేసినప్పుడు మాత్రం ఇంట్లో మాటేగా అన్నాడు. నేనూ సరేననుకున్నాను. అలా అనుకున్నందుకు ఇప్పుడు నామీద నాకే కోపంగా ఉంది. ఇప్పుడు పంపితే ఈ ఇంట్లో ఎన్నాళ్ళు మాటలుండవో నాకు తెలుసు.

ఒక్క అక్షరం తీయకుండా పంపేశాను.

"పంపేసినావా?" అన్నాడు, నమ్మలేక.

"పంపాను. నా దాంట్లో తప్పుంటే మీరూ అక్కడే, అందరి ముందూ రాయండి. దిద్దుకుంటాను."