దాచి తెచ్చిన రొట్టెముక్క

ప్రసూన పుట్టిల్లు రావివలస. అక్కడ ఎవరు గుడికెళ్ళినా, రాలేనివాళ్ళ కోసం ఇంత ప్రసాదం కొంగున కట్టి తెచ్చేవారు. మంచాన పడ్డ తాతకి, పక్కింటి బాలింతకి, పొలం నుంచి ఇంకా తిరిగిరాని మావకి. తేకపోతే మాట పడాల్సి వచ్చేది. అందుకే ఆ ఆదివారం తను చేసిన పనిలో ఆమెకి తప్పేమీ కనపడలేదు.

ఢిల్లీబాబుని ఇష్టపడి చేసుకుని ఉద్దానం వచ్చిన పిల్ల. కూతురు సంజన పుట్టాక, ఆ వేసవిలోనే సముద్రంలో బాప్తిస్మం తీసుకుంది. ప్రభువు బల్లలో, అంటే ఆ రొట్టె పంపకంలో, చెయ్యి వెయ్యడం అదే మొదలు. సంఘపెద్ద పాట పాడుతూ రొట్టె పళ్ళెం పట్టుకుని వరస వెంట వచ్చాడు. అత్త కమలకుమారి పళ్ళెం ముట్టలేదు, తల వంచుకుంది. ఆయన కూడా అలవాటైనట్టు ఆగకుండా ప్రసూన ముందుకి జరిగాడు. పొద్దున్నించీ పన్ను సలుపుతోందంటోంది కదా, నమల్లేక వదిలేసింది పాపం అనుకుంది ప్రసూన. ఒక ముక్క నోట్లో వేసుకుని, ఇంకో ముక్క సంజన చేతిగుడ్డలో చుట్టేసింది.

ఇంటికొచ్చాక అత్త మునక్కాడలు కోస్తుంటే గుడ్డ విప్పింది.

"అత్తా, నీ ముక్క తెచ్చినాను. నీళ్ళలో ముంచుకుని మెల్లగా తిను."

కమలకుమారి చేతిలో కత్తి ఆగిపోయింది. "ఏటిది?"

"సర్చిలో ఇచ్చిందే."

"ఓలమ్మో! నానొదిలేసిందాన్ని నువ్వు మూట కట్టి తెచ్చినావా? ఇది మీ ఊరి ప్రసాదమనుకున్నావేటే?"

ప్రసూన గుడ్డ మళ్ళీ మూసెయ్యబోయింది. ఈలోగా పాకుతూ వచ్చిన సంజన ఆ ముక్క మీద చెయ్యి వేసింది. పిల్ల నోటిదాకా వెళ్ళిపోయేదే. కమలకుమారి లటుక్కున లాక్కుని గుప్పిట మూసింది. మూశాక తెలిసింది ఆవిడకి, ఇప్పుడా గుప్పిట ఎక్కడ తెరవాలో తెలీడం లేదని.

"కోడికి ఏసీయమ్మా" అన్నాడు ఢిల్లీబాబు అరుగు మీంచి.

"నోర్ముయ్యరా! మీ అయ్యుంటే నీ తోలు తీసేవోడు."

"పాస్టరుగారికి తిరిగి ఇచ్చేద్దామా?" అంది ప్రసూన.

"ఆయన ఈపాటికి నౌపడ సర్చికి ఎల్లిపోయుంటాడు. మళ్ళీ ఆదివారం దాకా ఉంచితే సీమలు పట్టకుండా ఊరుకుంటాయేటి?"

"పోనీ నువ్వే తినేయొచ్చు కదా అత్తా?"

కమలకుమారి కోడలి మొహంలోకి చూసింది. ఈ పిల్ల వెటకారమాడటం లేదు, నిజంగానే తెలీక అడుగుతోంది. "గుండెలో ఒకరి మీద పగెట్టుకుని ఇది తింటే అబద్ధం నమిలినట్టే. నాను నమల్లేను."

"ఎవరి మీద?"

అత్త కళ్ళు ఎదురింటి మీదకెళ్ళాయి. అది ఆవిడ తోటికోడలు సుభద్ర ఇల్లు.

ఆ కథ ప్రసూనకి కొంత తెలుసు. తొంభైతొమ్మిది గాలివానకి వీళ్ళ తాటాకిల్లు లేచిపోతే, అత్తా మావా పరుగున వెళ్ళి ఎదురింటి తలుపు కొట్టారు. తలుపు తెరుచుకోలేదు. తిరిగి వస్తుంటే కొబ్బరిచెట్టు మావ నడుం మీద పడింది. ఆయన మరి లేవలేదు, ఏడాది తిరక్కుండా పోయాడు. గాలి హోరులో తనకి వినపడలేదని సుభద్ర ఊరందరికీ చెప్పుకుంది. అప్పట్నించీ రెండిళ్ళకీ మాటల్లేవు. దానికీ ఈ రొట్టెకీ లంకె ఉందని మాత్రం ప్రసూనకి ఇప్పుడే తెలిసింది.

తెలిశాక కొత్త భయం పట్టుకుంది. పెద్దల తప్పులు పిల్లలకి చుట్టుకుంటాయని ఎవరో అనగా విని ఉంది.

"అత్తా, ఇది మన గుంటమీదకి వత్తాదేటి?" అంది సంజనని దగ్గరకి లాక్కుంటూ.

"రాదు. ప్రభువు అంత సిన్నబుద్ధోడు కాదు." గుప్పిట వైపు చూసుకుని కమలకుమారే మళ్ళీ అంది. "కానీ నాను వదల్లేకపోతే, ఆ ఇంటికి ఎల్లకూడదని ఈ గుంటకి నానే నేర్పుతాను. నోటితో సెప్పక్కర్లేదు. నా మొకం సూసి నేర్సుకుంటాది."

ఆ మాట పైకి అనేశాక ఆవిడే ఉలిక్కిపడింది. లేచి నిలబడింది.

"పిల్లనెత్తుకో. నాతో రా."

"నానెందుకత్తా?"

"నాను ఎనక్కి తిరిగితే ముందుకి తొయ్యడానికి ఓ మనిషుండాల."

సుభద్ర చాప మీద కూర్చుని పనసపిక్కలు ఒలుస్తోంది. వీళ్ళని చూసి కంగారుగా లేచి గోడకి ఆనుకుంది. కమలకుమారి ఎవరూ పిలవకుండానే వెళ్ళి చాప మీద కూర్చుంది. గుప్పిట విప్పింది. రొట్టె చెమటకి మెత్తబడిపోయి ఉంది.

"అక్కా, నీ మీద పెట్టుకున్నది వదిలేత్తన్నాను. నువ్వేం సెప్పక్కర్లేదు. ప్రభువు నాది వదిలేసినాడు, నాను నీది వదిలేత్తన్నాను. అంతే."

కళ్ళు మూసుకుని లోలోపలే ఏదో అనుకుని, రొట్టె నోట్లో వేసుకుంది.

ప్రసూన రెప్ప వెయ్యకుండా అత్త మొహం చూస్తోంది. పగ పోతే మనిషి ఎలా ఉంటారో చూడాలని ఆమెకి. మొహం వెలుగుతుందేమో, ఏడుస్తారేమో. అలాంటిదేమీ లేదు. నొప్పి లేని వైపు దవడ మెల్లగా కదులుతోంది, అంతే.

అప్పుడు సుభద్ర అంది, "కమలా, ఆ రోజు నాకు ఇనపడింది."

ప్రసూన పిల్లని గట్టిగా పట్టుకుంది.

"నీ కేక ఇనపడింది. గడియ మీద సెయ్యి కూడా ఏసినాను. తీత్తే గాలి లోపలికొచ్చి మా రేకులు ఎగిరిపోతాయని..."

కమలకుమారి చెయ్యెత్తి ఆపింది. దవడ ఆగిపోయింది. ఉమ్మేస్తుంది అనుకుంది ప్రసూన. తను ఎందుకొచ్చిందో గుర్తుంది గానీ, ఈ మనిషిని ఇప్పుడు ఎటు తొయ్యాలో తోచలేదు. వీధిలో సైకిలు గంట మోగి దూరమైపోయింది.

కమలకుమారి కష్టం మీద గుటక వేసింది.

"తెలుసు. గడియ సప్పుడు నాకూ ఇనపడింది."

సుభద్ర గోడని వదల్లేదు.

ఇప్పుడు పోయిందా అత్తా, నిజంగా పోయిందా అని అడగాలని ప్రసూనకి నాలుక చివరిదాకా వచ్చింది. అప్పటికే కమలకుమారి పనసపిక్కల గిన్నె పక్కకి జరిపి చోటు చేస్తోంది.

"కూకో అక్కా. నువ్వలా నిలబడుంటే నాకూ లెగిసి ఎల్లిపోవాలనిపిత్తంది."

సుభద్ర వచ్చి చాప అంచున కూర్చుంది, తన ఇంట్లోనే తను చుట్టమైనట్టు.