దేవుడి అరలో నేతిగిన్నె

మల్లేశ్వరరావు గుండెకి స్టెంట్లు వేసిన రోజు నుంచీ ఆ ఇంట్లో నెయ్యి మాటెత్తితే చాలు, అతని భార్య వరహాలక్ష్మికి ఒళ్లు మండిపోయేది. అనకాపల్లి బెల్లం మార్కెట్లో ముప్పయ్యేళ్లు కూర్చుని, పూటపూటా వేడివేడి బజ్జీలు లాగించిన మనిషి ఒకరోజు దుకాణంలోనే కూలబడ్డాడు. నూనె తగ్గించమన్నాడు గుండె డాక్టరు. ఆవిడ తగ్గించడమేమిటి, ఎత్తేసింది. తాలింపు లేని పప్పు, మీగడ తీసేసిన పాలు, నీళ్లమజ్జిగ. ఇంటిల్లిపాదికీ అదే. నెయ్యి ఒక్క దేవుడికే మిగిలింది. పెనిమిటి చల్లగా ఉండాలని రెండు పూటలా నేతిదీపం పెట్టేది.

ఇంటిల్లిపాది అంటే మనవరాలు గౌతమి కూడా. పద్నాలుగు నెలల పిల్ల. కోడలు సుచిత్ర పరవాడలో మందుల కంపెనీ ల్యాబులో పనిచేస్తుంది. ఏడింటికి కంపెనీ బస్సెక్కితే దీపాలవేళకే ఇంటికి రావడం. పిల్ల భారమంతా నాయనమ్మదే. అబ్బో, ఎంత శ్రద్ధ! కాళ్లు చాపుకుని, పిల్లని కాళ్లమీద పడుకోబెట్టి, ఒళ్లంతా నువ్వులనూనె పట్టించి మర్దనా చేస్తే గాని నీళ్లు పొయ్యదు. మెత్తగా ఉడికించిన క్యారెట్టు, పాలకూర, పప్పన్నం, అన్నీ వేళకి పెట్టేది. అయినా మూడు నెలలుగా పిల్ల బరువు ఏడున్నర కిలోల దగ్గరే ఆగిపోయింది.

ఆ శనివారం సుచిత్ర సెలవు పెట్టింది. అత్తాకోడళ్లిద్దరూ గౌతమిని పిల్లల డాక్టరుకి చూపించారు. "ఏం పెడుతున్నారు?" అనడిగింది డాక్టరమ్మ.

వరహాలక్ష్మి నూనె మర్దనాతో సహా అంతా ఏకరువు పెట్టి, "ఏటి లోటు సేసేనండీ? నూనెచుక్క నోటికి తగలనివ్వను. ఆయనకొచ్చిన జబ్బు దీనికి రాకూడదని" అంది.

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. "జబ్బు ఆయనది, పథ్యం ఆయనకమ్మా. రెండేళ్లలోపు పిల్లకి కొవ్వు తగ్గించకూడదు. మెదడు పెరిగే వయసు, దానికి కొవ్వే కావాలి. మీరు పెట్టే క్యారెట్టు, పాలకూరల్లో విటమిన్లు కూడా కాస్త నూనో నెయ్యో తోడుంటేనే ఒంటికి పడతాయి. ఒంటికి అంత నూనె రాస్తున్నారు కదా, రెండు చెంచాలు లోపలికీ పోనివ్వండి. పెద్దాయనకైనా తగ్గించమన్నారు గాని బొత్తిగా మానెయ్యమని ఉండరు."

వరహాలక్ష్మి పిల్లని దగ్గరికి పొదువుకుంది. "ఇప్పుడు పెడితే నా పిల్ల కోలుకుంటాదా తల్లీ?"

"ఇవాళే మొదలుపెట్టండి. నెలకి మళ్లీ తూచి చూద్దాం."

ఆటోలో సుచిత్ర పల్లెత్తు మాట అనలేదు. అదే వరహాలక్ష్మికి ఎక్కువ బాధగా ఉంది. "నాలుగు తిట్టెయ్యవే, పడతాను" అంది చివరికి.

"మీరు భయపడ్డారత్తయ్యా" అంది సుచిత్ర, కిటికీలేని ఆటోలోంచి బయటికి చూస్తూ. "నేనైనా ఒక్క పూట కంచంలోకి చూడాల్సింది."

ఇంటికి రాగానే వరహాలక్ష్మి దేవుడి అరలోంచి నేతిగిన్నె తీసింది.

"దీపానికప్పుడే వేళయిందేటి?" అన్నాడు మల్లేశ్వరరావు.

"దేవుడికి నువ్వులనూనె సాల్లెండి."

వేడన్నంలో పప్పు కలిపి, నెయ్యి వేసి, మొదటి ముద్ద పిల్ల నోట్లో పెట్టింది. గౌతమి చప్పరించింది. రెండో ముద్దకి ఆగలేదు. నాయనమ్మ చేతిని రెండు చేతులా పట్టుకుని నెయ్యి అంటిన వేళ్లు ఒక్కొక్కటే నాకసాగింది.

"ఎన్నాళ్ల ఆకలే తల్లీ నీది" అని భోరుమంది వరహాలక్ష్మి. చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు.