కుళ్ళడం వేరు, పులియడం వేరు

“స్నానం చేశాకే లోపలికి రా అమ్మాయ్, కుళ్ళు కంపు కొడుతున్నావు” అంటారు మా అత్తగారు, నేను గేటు తీసిన చప్పుడు వినగానే. మా ఆయన పేపరు చాటున ముక్కు మూసుకుంటాడు. నేను తలస్నానం చేసి, తడి జుట్టుతోనే ఇద్దరికీ టీ పెట్టి ఇస్తాను. ఆ టీకి మాత్రం ఏ కంపూ ఉండదు!

నేను కెమిస్టుని. మార్కెట్లో అమ్ముడుపోక చితికిన పళ్ళు, తోటల్లో పారబోసిన కాయలు, తొక్కలు లారీల్లో మా ఫ్యాక్టరీకి వస్తాయి. వాటిని గుజ్జు చేసి, ఈస్ట్ కలిపి, పెద్ద ట్యాంకుల్లో పులియబెడతాం. గుజ్జులోని తీపిని తిని ఈస్ట్ ఆల్కహాల్ తయారుచేస్తుంది. దాన్ని మరిగించి, ఆవిరి పడితే ఇంధనం. పెట్రోల్లో కలుపుతారు. మా ఆయన స్కూటర్లో పోయించుకునేదీ అదే, ముక్కు మూసుకోకుండా.

కుళ్ళడం వేరు, పులియడం వేరు అని ఇంట్లో ఎన్నిసార్లు చెప్పానో. ఎవరికీ పట్టకపోతే కుళ్ళుతుంది. ఒకరు దగ్గరుండి, వేడి చూసి, పులుపు చూసి, కంటికి రెప్పలా కాచుకుంటే పులుస్తుంది. “రెండూ కంపేగా” అంటాడాయన. ఇంటా బయటా చాకిరీతో ఒళ్ళు పులిసిపోయినదాన్ని, పులియడమంటే ఏమిటో నాకు తెలియదూ? ఇన్‌చార్జి పోస్టుకి దరఖాస్తు పెట్టానని చెప్పిన రోజు ఆయన మొహంలో కనిపించింది చూడండి, అదీ అసలైన కుళ్ళు. ఆ పోస్టు నాకు కావాలి. పళ్ళు వచ్చిన దగ్గర్నుంచి ఇంధనం బయటికి వెళ్ళేదాకా నా మాట మీద నడవాలని నాకు ఆశ. నెల దాటినా జవాబు లేదు.

పోయిన వారం చల్లబరిచే పంపు ఆగిపోయి పెద్ద ట్యాంకు వేడెక్కింది. బుడగలు ఆగాయి. మేనేజరు మూత దగ్గర వాసన చూసి, “కుళ్ళిపోయింది, పారబోయించండి” అన్నాడు.

“కుళ్ళలేదు సార్. ఈస్ట్ వేడికి డీలాపడింది. రేపటిదాకా నాకు వదిలేయండి.”

“మూత పెట్టి కూచోడానికి ఇదేం మీ వంటిల్లు కాదండీ.”

ఒళ్ళు మండింది. వంటింట్లో ఏది ఎప్పుడు పొంగుతుందో, ఎప్పుడు అడుగంటుతుందో ఊరికే తెలుస్తుందనుకున్నాడా? అతని అనుమతి కోసం ఆగలేదు. పంపు బాగుచేయించాను. ట్యాంకుని మెల్లగా చల్లార్పించాను. తీపి గుజ్జులో కొత్త ఈస్ట్ పెంచి, అది బాగా నురగ కట్టాక ట్యాంకులో పోయించాను. మధ్యలో మా ఆయన ఫోను.

“అన్నం ఎవరు పెడతారు?”

“గిన్నెలో ఉంది. గరిటె పక్కనే ఉంది” అని పెట్టేశాను.

మర్నాడు ట్యాంకుకి చెవి ఆనిస్తే లోపల గుసగుస. బుడగలు! ముక్కుపుటాలు అదిరేంత ఘాటు. వారం తిరిగేసరికి ఇంధనం దిగింది. పళ్ళెంలో చెంచాడు పోసి అగ్గిపుల్ల గీశాను. నీలంగా, పొగ లేకుండా మండింది. నేను చేశాను, నేనే, అని పైకే అనుకున్నాను. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

ఆ సాయంత్రం మేనేజరు పిలిచి కుర్చీ చూపించాడు.

“ఆ పోస్టు మీకే ఇద్దామని ఎప్పుడో అనుకున్నామండీ. మీవారే ఫోన్ చేసి, ఇంటిపనితో మీకు కుదరదు, మొహమాటపడి చెప్పలేకపోతున్నారు అన్నారు. అందుకే ఊరుకున్నాం.”

నెలంతా నేను తలుపు చప్పుడైతే చాలు ఉత్తర్వు వచ్చిందేమోనని లేచి చూస్తుంటే, ఆయన నా చేతి టీ తాగుతూ నన్నే చూస్తూ కూచున్నాడన్నమాట.

“పోనీ, ఇంకోసారి ఇంట్లో అడిగి, రేపు మాకు చెప్పండి” అన్నాడు మేనేజరు, పెద్ద మనసు చేసుకుని.

“మీకు ఇప్పుడే చెబుతున్నాను సార్, చేస్తాను. ఇంట్లో రేపు చెబుతాను.”