నల్ల తెర ముందు తొమ్మిది నిమిషాలు

బావ భోజనానికి వెళ్ళగానే కంప్యూటర్ పక్క రేకు విప్పాను. లోపల ఉన్న మెమొరీ బద్ద, అదే ర్యామ్, నాలుగువేల ఎనిమిది వందల వేగానిది. నేను తెచ్చింది ఐదువేల ఆరు వందలది. రెండూ పక్కపక్కన పెట్టొచ్చా అని అడిగితే, దుకాణం ఆయన "పెట్టొచ్చండీ, కాకపోతే..." అన్నాడు. ఆ 'కాకపోతే' పూర్తయ్యేసరికి నేను సగం మెట్లు దిగేశాను.

బావ మెట్ల ప్లాన్లు గీస్తాడు. నేను ఆయన దగ్గరే పనిచేస్తాను. ఆ రోజు ఒక బడి మెట్ల ప్లాను నాలుగింటికల్లా పంపాలి. లేకపోతే ఆ పని ఇంకొకరికి పోతుంది. మెట్ల పక్కన పట్టుకునే చేపట్టు గీత ఒక్కటే మిగిలింది. ప్లానును కాస్త తిప్పితే చాలు, కంప్యూటర్ బిగుసుకుపోయేది. బావ చేతులు కట్టుకుని ఓపిగ్గా చూసేవాడు. నన్ను విసిగించింది ఆ కంప్యూటరో, ఆ ఓపికో ఇప్పటికీ తేల్చుకోలేను. "మీ ఆయన నత్తకు గురువు" అని ఒకసారి అక్కతో అన్నాను కూడా.

కొత్త బద్ద బిగించి ఆన్ చేశాను. ఫ్యాను తిరిగింది. తెర నల్లగానే ఉంది. ఆపి, మళ్ళీ ఆన్ చేశాను. బద్ద తీసి, టక్కుమనేదాకా నొక్కి మళ్ళీ పెట్టాను. అలా నాలుగుసార్లు. బావకు ఏం చెప్పాలో మనసు అప్పుడే వాక్యాలు కూర్చుకుంటోంది. ప్రతి వాక్యంలోనూ తప్పు దుకాణం ఆయనదే అవుతోందని గమనించి సిగ్గుపడ్డాను. అయినా కూర్చడం ఆపలేదు.

"ఏంటి బామ్మర్దీ, రేకు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నావ్? అందులో వడ్డించమంటావా?" అంటూ బావ వచ్చాడు. నల్ల తెర చూసి నవ్వు ఆపేశాడు.

అంతా చెప్పాను.

"ఆన్ చేశాక ఎంతసేపు ఆగావు?"

"నిమిషం."

"గడియారం నిమిషమా, నీ నిమిషమా?"

"... అర నిమిషం ఉంటుందేమో."

బావ దుకాణానికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు. "చెబుదామనుకునేలోపే ఆయన దిగిపోయారండీ," అన్నాడు దుకాణం ఆయన. "కొత్త బద్ద పెడితే మొదటిసారి రెండింటినీ సరిచూసుకుంటుంది. పది నిమిషాలైనా పట్టొచ్చు. మధ్యలో ఆపితే మళ్ళీ మొదటికే. ఆ తర్వాత రెండూ తక్కువదాని వేగంతోనే నడుస్తాయి."

ఆన్ చేశాం. అప్పటికి మూడు దాటి పది నిమిషాలు. రెండో నిమిషంలోనే నా చెయ్యి బొత్తాం వైపు వెళ్ళింది.

"నత్త గురువుగారు చెబుతున్నారు, ఆగు."

చెయ్యి వెనక్కి లాక్కున్నాను. "అక్క చెప్పేసిందా?"

"ఆ రోజే చెప్పింది. ఇద్దరం కడుపుబ్బా నవ్వుకున్నాం. ఆ చెయ్యి ఊరుకోకపోతే దాని మీద కూర్చో."

నిజంగానే కూర్చున్నాను. ఫ్యాను చప్పుడు తప్ప గదిలో ఏమీ లేదు. ఇంతసేపు ఏమీ చెయ్యకుండా ఉండి ఎన్నాళ్ళయిందో గుర్తు రాలేదు. మొదట నిమిషాలు లెక్కపెట్టుకున్నాను. ఆరో నిమిషం దాటాక, నేను తొందరపడినా పడకపోయినా ఇది తన పని తాను చేసుకుంటుందని, నాతో నిమిత్తం లేదని అర్థమైంది. భుజాలు వాటంతటవే కిందికి దిగాయి.

తొమ్మిదో నిమిషంలో తెర వెలిగింది.

ప్లాను చెక్కుచెదరలేదు. బావ తిప్పి చూశాడు. మెట్లు ఎక్కడా ఆగకుండా, నీళ్ళలో తిరిగినట్టు తిరిగాయి. మెమొరీ వేగం దగ్గర నాలుగువేల ఎనిమిది వందలని ఉంది.

"గుర్రాన్ని తెచ్చి ఎద్దు పక్కన కట్టావు," అన్నాడు బావ. "పోనీలే, బరువు లాగడానికి ఇద్దరయ్యారు."

చేపట్టు గీత గీశాడు. ఒకసారి కొలిచాడు. మళ్ళీ కొలిచాడు. నాకు విసుగు రాకపోవడం చూసి నేనే ఆశ్చర్యపోయాను. మూడూ నలభైకి ప్లాను వెళ్ళిపోయింది.

"ఇక చెయ్యి తియ్యొచ్చు," అన్నాడు బావ.

అది ఇంకా నా కిందే ఉంది. తిమ్మిరెక్కింది. తీద్దాంలే అనుకున్నాను.