సందు బయట ఏమీ లేదు

మంగళవారం నుంచి మా సందులో వస్తువులు కిందికి పడడం మానేసి తూర్పుకి పడుతున్నాయి.

సందుకి అటొక అపార్ట్‌మెంటు, ఇటొక అపార్ట్‌మెంటు. రెండింటి వాళ్లకీ పదకొండేళ్లుగా మాటల్లేవు. ఆ పగ గోడలకి పట్టింది. పడమటి గోడ నెడుతోంది, తూర్పు గోడ లాగుతోంది. మధ్యలో ఎక్కడ నిలబడినా ఒకటే బలం, వెంట్రుకవాసి తేడా లేదు.

నా మొగుడు సింహాద్రి తూర్పు గోడకి అతుక్కుపోయి ఉన్నాడు, చేతిలో ఇస్త్రీపెట్టెతో సహా. నేను నడుముకి తాడు కట్టుకుని పడమటి వైపు కిటికీ ఊచకి ముడేసుకున్నాను. అన్నం ముద్ద చేసి వదిలితే తిన్నగా వెళ్లి అతని నోటికి అందుతుంది.

నాలుగు అర్జీలు పెట్టాక మున్సిపల్ ఆఫీసు నుంచి భానోజీరావు గారు వస్తారు. సందు మొదట్లో, రోడ్డు మీదే ఆగిపోతారు.

“నాకేమీ తెలియడం లేదమ్మా.”

“సందు బయట ఏటీ తెల్దు బాబూ. ఒక్కడుగు లోపలికి రండి.”

“లోపలికొస్తే నేనూ బాధితుణ్ణవుతాను. బాధితుడు రిపోర్టు రాయకూడదు.”

ఆయన చేతిలో కాగితాలు విల్లులా వంగుతున్నాయి. సందు అంచున బలం అలాగే వంపు తిరిగి బయటికి ఉబ్బుతుంది. “గాలి,” అంటూ వాటిని అరచేత్తో అదిమేస్తారు. నా దవడలు బిగుసుకుంటాయి.

“ఒలే, ఆయన్నేటీ అనకు,” అంటాడు సింహాద్రి గోడ మీంచి. “ఉన్న ఇస్త్రీ బండీ పోతాది.”

అతని మీద కూడా మండిపోతుంది నాకు.

“గోడలు దూరం జరపండి. లాగుడు దానంతటదే తగ్గుతుంది,” అని తేల్చేస్తారు భానోజీరావు గారు. రెండు అపార్ట్‌మెంట్ల వాళ్లూ దిగొచ్చి, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా, ఎవరి గోడని వాళ్లు వెనక్కి లాక్కుంటారు. పన్నెండడుగుల సందు నలభై అడుగులవుతుంది. లాగుడు ఆవగింజంత కూడా తగ్గదు. ముద్ద ఇప్పుడు మునుపటికన్నా ఎక్కువ దూరం పరిగెత్తి, ఎక్కువ వేగంతో తగులుతోంది. సింహాద్రి పై పెదవి చిట్లుతుంది.

“ఇప్పుడు నయమే కదమ్మా?”

నేను అరుస్తాను. అరుపు నీలంగా బయటికొచ్చి, చిటపటలాడుతూ ఈ గోడ నుంచి ఆ గోడకి అంటుకుంటుంది. రెండు గోడలూ పగ దిగిపోయి ఒక్కసారిగా ఖాళీ అవుతాయి. సింహాద్రి నేల మీద కూలబడి మోకాళ్లు తడుముకుంటాడు.

“చూశారా, ఏమీ లేదు,” అని రాసుకుంటారు భానోజీరావు గారు.

ఆ పగ ఎక్కడికీ పోలేదు. అంతా నాలోకొచ్చింది. పళ్ల వెనక గుయ్యిమంటోంది.

నాలోని ఆ లాగుడికి రెండు మైళ్ల అవతల సముద్రం గోడలా నిలువుగా లేస్తుంది. ఒక్క పడవ కూడా జారిపోకుండా, సిగ్నల్ దగ్గర ఆగి, ఎడమకి తిరిగి మా రోడ్డెక్కుతుంది. భానోజీరావు గారి చొక్కా వీపు మీద తడుస్తోంది. ఆయన తల తిప్పడం లేదు.

వెనకేం వస్తోందో నేను చెప్పను. నోరు తెరుస్తాను.