కోటిలింగంగారి మూడో గంట

నేను ఒక కంచు గంటను. గుడి గంటను కాను, దండం పెట్టకండి. ఒక హైస్కూలు కోసం నన్ను పోతపోశారు. అక్కడి పిల్లలకు నా గొంతు సాయంత్రం మాత్రమే నచ్చేది. పొద్దున మోగితే ముఖాలు చిట్లించేవారు. కరెంటు బెల్లు రాగానే నన్ను ఊళ్లోని నాటక పరిషత్తువాళ్లకు ఇచ్చేశారు. హమ్మయ్య అనుకున్నాను.

ఈ మనుషులు ఏ పనీ తిన్నగా మొదలుపెట్టలేరండీ. రాకెట్టు ఎగరాలంటే అంకెలు వెనక్కి లెక్కపెట్టాలి. నాటకం ఆడాలంటే మూడు గంటలు కొట్టాలి. మొదటి గంటకు ఎవరూ కదలరు. బజ్జీల బండి దగ్గర "ఇంకో ప్లేటు వెయ్యి" అంటారు. రెండో గంటకు పరిగెత్తుకొచ్చి కుర్చీల కోసం తగువులాడుకుంటారు. మూడో గంట కొడితే మాత్రం తెర లేవాల్సిందే. లేవకపోతే ఆ జట్టు పోటీలోంచి అవుట్. అది మా పరిషత్తు రూలు.

నన్ను కొట్టేది కోటిలింగంగారు. చేతిలో కొయ్య సుత్తి, కళ్లు గడియారం మీద. దయాదాక్షిణ్యాలు లేవు. ఒకసారి దుర్యోధనుడికి ఒకవైపు మీసమే అతికింది. "ఒక్క నిమిషం బాబాయ్!" అని బతిమాలాడు పాపం. ఈయన కొట్టేశారు. సగం మీసంతోనే మయసభ అంతా తిరిగాడు ఆ మహానుభావుడు. నాకు నవ్వాగలేదు.

కిందటేడు ఈయన భార్య భ్రమరాంబమ్మకు ఒక నాటికలో వేషం వచ్చింది. పెళ్లికి ముందు నుంచీ ఆవిడకు స్టేజీ ఎక్కాలని ఆశ. యాభై దాటాక గానీ అవకాశం రాలేదు. ఉప్మా తిప్పుతూ, బట్టలు ఆరేస్తూ డైలాగులే వల్లె వేస్తోందని ఈయనే అందరికీ చెప్పుకుని మురిసిపోయేవారు. తీరా ఆ సాయంత్రం రెండో గంట మోగగానే ఆవిడ మేకప్ గదిలోకి వెళ్లి గడియ పెట్టుకుంది.

డైరెక్టరు సాల్మన్‌రాజు తలుపు బాదాడు. "అమ్మా, తమరు రాకపోతే మా కొంప మునుగుద్దమ్మా!"

"ఒక్క ముక్క గుర్తు రావట్లేదు బాబూ. నా వల్ల కాదు. ఇంకెవర్నైనా చూసుకో."

"ఇప్పుడెవర్ని చూసుకోమంటారమ్మా?"

ఇవన్నీ కోటిలింగంగారికి వినబడుతూనే ఉన్నాయి. టైమయింది. సుత్తి ఎత్తారు. దించారు. కళ్లజోడు తుడుచుకున్నారు. గడియారం ఆగిపోయిందేమో అన్నట్టు చెవి దగ్గర పెట్టుకుని ఊపారు. అబ్బో, ఏం నటన! ఉత్తమ నటుడి బహుమతి ఈయనకే ఇవ్వాలి. హాల్లో ఈలలు మొదలయ్యాయి. "ఏం లింగంగారూ, నిద్రపోయారా?" అని ఎవరో అరిచారు. అవతలి జట్టువాళ్లు ఫిర్యాదు చేయడానికి కమిటీ దగ్గరికి బయల్దేరారు. ఇంతకాలం ఆయన్ను ఆడిపోసుకున్న నాకే జాలేసింది. కొడితే పెళ్లాం ఆశ పోతుంది. కొట్టకపోతే తన పరువు పోతుంది.

ఈ గోలకు భ్రమరాంబమ్మ గడియ తీసి తొంగి చూసింది. మొగుడు సుత్తి ఎత్తుతున్నాడు, దించుతున్నాడు.

"కొట్టరేం?"

"నువ్వు కాస్త కుదుటపడ్డాక కొడతాలేవే."

"ఊరందరికీ ఒక రూలూ, నాకొకటీనా? మొగుడు గంట ఆపబట్టి ఆడిందంటారు రేపు! అంత ఖర్మ నాకేం పట్టలేదు!"

ఆ కోపంలో భయం ఎటు పోయిందో! ఆయన చేతిలోంచి సుత్తి లాక్కుని, కొంగు బిగించి, నాకు ఒక్కటిచ్చింది. అంత దెబ్బ నేను జన్మలో తినలేదు. ఒళ్లంతా ఖంగుమంది. తెర లేచింది. సుత్తి ఆయన చేతిలో పడేసి ఆవిడ వెలుగులోకి నడిచివెళ్లింది.

నేనింకా మోగుతూనే ఉన్నాను. కోటిలింగంగారు నన్ను రెండు చేతులా గుండెకు అదుముకుని నా నోరు మూశారు, పెళ్లాం మొదటి మాట వినబడాలని.