ఏడో నంబరు తడిక

పడుగుకి రెండో వాయి గంజి పట్టించి పానకాలు కుంచె చేతికి తీసుకునేసరికి కొండ కొమ్మున వెలుగు పడింది. వీధిలో ఈ కొస గుంజల దగ్గర నుంచి ఆ కొస కుళాయి దాకా తెల్లటి నూలు బారుగా సాగి ఉంది. ఒక పక్క అతనూ, రెండో పక్క భార్య రమణమ్మా పోగుల మీద కుంచె దువ్వుకుంటూ నడుస్తున్నారు. ఎండ ఎక్కేలోపు పోగుకు పోగు విడిపోవాలి. లేకపోతే గంజి అట్టలు కట్టి, మగ్గం మీదికి ఎక్కాక ఆ పడుగు మనిషిని ఏడిపిస్తుంది.

ఏడో నంబరు ఇంటి ముందుకు రాగానే పానకాలు మోచెయ్యి తాటాకు తడికకు కొట్టుకుంది. రోజూ కొట్టుకునేదే. జానెడు ఇవతలికి జరిగితే తగలదు. కానీ పానకాలు జరగడు. ఫిర్యాదు చేసేవాడికి దెబ్బ కూడా చూపించడానికి ఉండాలి కదా.

మంగళగిరి కొండ కింద చేనేత సంఘం వాళ్లు ప్రభుత్వం దగ్గర అప్పు తెచ్చి కట్టించిన ఇళ్లు అవి. యాభై ఎనిమిదిలో గృహప్రవేశాలయ్యాయి. అన్నీ ఒక్క అచ్చున పోసినట్టుంటాయి. ముందు వసారాలో మగ్గం గుంట, వెనక ఒక గది, ఆ వెనక పొయ్యి. సంఘం ఆఫీసు గోడకు రూళ్ల కాగితం అంటించి ఉంటుంది. వీధి పడుగులకు విడిచిపెట్టాలి. వసారాకు అడ్డంగా గోడ గానీ తడిక గానీ కట్టకూడదు. మగ్గం మీద కూర్చుని నేసే సభ్యుడికే ఇల్లు. ఆరు నెలలు నెయ్యకుండా ఉన్నవాడి ఇల్లు సంఘానికి వెనక్కి పోతుంది. రూలు తప్పితే మొదటిసారి రూపాయి జరిమానా, రెండోసారి రెండు, మూడోసారి సంఘం మనుషులే వచ్చి అడ్డం తీసేస్తారు.

వీధికొక పెద్దను పెట్టారు. మూడో వీధికి పెద్ద పానకాలు. జీతం లేదు, కుర్చీ లేదు, ఉన్నదల్లా తప్పొప్పులు సంఘానికి చేరవేసే అధికారం. ఆ అధికారాన్ని అతను మనిషిని చూసి వాడేవాడు. నాలుగో నంబరు కోటిరత్నం వసారా గుంజకు మేకను కట్టేస్తుంది. పదకొండో నంబరు వాళ్లు ఏకంగా వీధిలోనే రుబ్బురోలు పాతుకున్నారు. అవి పానకాలు కంటికి ఆనవు. ఏడో నంబరు తడిక మాత్రం కంట్లో నలుసులా పడి ఉంది.

ఏడో నంబరు అంకారావుది. పానకాలుది ఎనిమిది. మధ్యన ఒకటే గోడ.

అంకారావు పరాయివాడేం కాదు. పదేళ్ల వయసులో తండ్రి పోతే పానకాలు తండ్రే చేరదీసి గుంటలో కూర్చోబెట్టి పని నేర్పాడు. పేక నూలు విసిరే నాడె పట్టుకోవడం కూడా రానివాడికి ఆ చేతిలో చెయ్యి పెట్టి చూపించింది పానకాలే. ఇద్దరూ ఒకే వయసు పిల్లలైతే పోటీ అనుకోవచ్చు. పానకాలు ఎనిమిదేళ్లు పెద్ద. ఆ పెద్దరికానికి తగ్గట్టు ముప్పై ఏళ్లపాటు పేటలో మొదటి పేరు పానకాలుది, రెండో పేరు అంకారావుది. అలా ఉన్నన్నాళ్లూ అంకారావంత మంచివాడు లేడు.

మూడేళ్ల కిందట అది తిరగబడింది. గుంటూరు షావుకారు సంఘం గిడ్డంగిలో చీరల దొంతి విప్పించి, ఒక చీర అంచు బొటనవేలితో తడిమి, ఇది నేసిన చెయ్యి ఎవరిదని అడిగాడు. గుమాస్తా అంకారావుదన్నాడు. ఆ పక్కనే ఉన్న పానకాలు చీరను షావుకారు చూశాడు, బాగుందన్నాడు, పక్కన పెట్టాడు. ఆ పక్కన పెట్టడం పానకాలు ఈనాటికీ మరిచిపోలేదు. ఆ తరవాత ప్రతి నెలా అదే మాట. అంకారావు నేత ఉందా, అంకారావు నేత ఇంకో నాలుగు కావాలి. నేత చూస్తే నిజంగానే బాగుంది. అంచు దగ్గర పేక ఎక్కడా లాగినట్టుండదు. బట్ట చేతిలో పట్టుకుంటే పట్టుకున్నట్టే తెలియదు. పానకాలు పనివాడు కాబట్టి అది అతనికి షావుకారుకంటే ఎక్కువ తెలుసు. తెలిసినకొద్దీ కడుపు మండింది.

తడిక కట్టింది కూడా సరిగ్గా అప్పుడే. పడమటి ఎండకు నూలు తెగిపోతోందని అంకారావు చెప్పాడు. వీధిలో అందరికీ పడమటి ఎండే, ఇతనొక్కడి నూలే ఎందుకు తెగాలి? పానకాలు నమ్మలేదు. తన తండ్రి దగ్గర నేర్చిన విద్యకు పైన ఏదో కొత్త కిటుకు పట్టాడు, అది నలుగురి కంటా పడకుండా దాచుకుంటున్నాడు, అంతే. తడిక అవతల ఏముందో చూడాలి. అంతకన్నా పానకాలుకు ఇంకేమీ అక్కర్లేదు. జరిమానాలు రాయించింది అందుకే.

చూడలేనివాడు వినడం మొదలుపెట్టాడు. గోడ అవతల మగ్గం దెబ్బ మామూలుగా ఉండదు. ధన్ మని ఒక పెద్ద దెబ్బ, దాని వెనకే టక్ మని చిన్న దెబ్బ. కిటుకు ఆ చిన్న దెబ్బలోనే ఉందని పానకాలు తేల్చుకున్నాడు. తనూ ప్రతి పేకకూ రెండు దెబ్బలు వెయ్యడం మొదలుపెట్టాడు. బట్ట గోనెలా బిరుసెక్కింది. చీర పొడవుకు నూలు చాల్లేదు. సంఘంలో గుమాస్తా ఆ చీరల్లో మొదటిదాని మడత విప్పి మొహం అదోలా పెట్టాడు. ముప్పై ఏళ్లు మొదటి పేరున్న పనివాడికి అది చాలు, నెల రోజులు అన్నం సయించకపోవడానికి.

పడుగు చుట్టి ఇంట్లో పెట్టాక పానకాలు వసారాలో కూర్చుని కాళ్లకు అంటిన గంజి కడుక్కుంటున్నాడు. సన్నటి మనిషి. ఏళ్ల తరబడి ఒక పక్కకు ఒరిగి నాడె విసరడంతో కుడి భుజం ఎడమ భుజంకన్నా కిందికి దిగిపోయింది. ఎండ పొడ తగలని పాదాలు తెల్లగా, మెత్తగా పెద్దింటి ఆడవాళ్ల పాదాల్లా ఉంటాయి. అంకారావు వచ్చి మెట్టు కింద నిలబడ్డాడు. సంఘం మనుషులు ఆ మధ్యాహ్నం తడిక తియ్యడానికి వస్తారని నోటీసు ముందు రోజే ఇచ్చి పోయారు.

"పానకాలన్నా, నాలుగు రోజులు ఆగమని చెప్పు. మగ్గం మీదున్న చీర కోసేశాక నేనే తీసేస్తా" అన్నాడు.

"నాలుగు రోజులాగితే ఏం మారుద్దిరా?"

"ఏం మారదు. చీర అవుద్ది."

అతను పానకాలు మొహంకేసి కాకుండా చెవికేసి చూస్తూ మాట్లాడాడు. ఎదుటి మనిషి కళ్లలోకి చూడలేని తప్పు చేశాడు కనకే అనుకున్నాడు పానకాలు. తన చేతుల్లో ఏముంది, నోటీసు సంఘానిది, ప్రెసిడెంటు గారు సంతకం పెట్టారు అన్నాడు. వీధి పెద్ద ఒక్క ముక్క చెబితే నాలుగు రోజులేం ఖర్మ, నాలుగు నెలలు ఆగుతుందని ఇద్దరికీ తెలుసు. అంకారావు ఇంకొకసారి అడగలేదు. వెనక్కి తిరిగి వెళుతూ కుడిచేత్తో గోడను తడుముకుంటూ వెళ్లాడు.

ఆ పూటంతా పానకాలుకు పని సాగలేదు. గోడ అవతల మాత్రం మగ్గం అన్నం వేళకు కూడా ఆగలేదు. ధన్, టక్. ధన్, టక్. ఇంకాసేపట్లో ఆ గుట్టేదో రట్టవుతుంది. కండె అయిపోయిన సంగతి కూడా చూసుకోకుండా పానకాలు ఖాళీ నాడెను రెండుసార్లు విసిరాడు. రమణమ్మ వెనక గదిలో రాట్నం దగ్గర కూర్చుని అతన్నే చూస్తోంది.

మూడు గంటలకు సంఘం ప్రెసిడెంటు చెంచురామయ్య గొడుగు వేసుకుని వచ్చాడు. వెంట ఇద్దరు మనుషులు. చెంచురామయ్య చెడ్డవాడు కాదు, జరిమానా కట్టించుకున్నప్పుడల్లా ఎదుటివాడికంటే ఆయనే ఎక్కువ సిగ్గుపడేవాడు. వీధిలో వాళ్లంతా వసారాల్లోకి వచ్చారు. అంకారావు తడిక పక్కన నిలబడి ఉన్నాడు. మనుషులు కట్లు కోశారు. మూడేళ్ల తడిక దుమ్ము రాల్చుకుంటూ పక్కకు వాలిపోయింది. అందరికన్నా ముందున్నది పానకాలు.

గుంటలో సామ్రాజ్యం కూర్చుని ఉంది. అంకారావు భార్య.

ఆమె తల ఎత్తలేదు. తడిక పోయి ఎండ మొహాన పడినా నాడె ఆపలేదు. ఐదడుగులు కూడా లేని మనిషి. కాళ్లు కిందికి అందక తొక్కుడు కర్రల మీద రెండు చెక్కదిమ్మలు పాత గుడ్డతో కట్టుకుంది. ఆమె తొక్కినప్పుడల్లా ఆ దిమ్మ గుంట అడుగున తగిలి టక్ మంటోంది. పానకాలు మూడేళ్లు చెవి ఒగ్గి విన్న కిటుకు అదీ. ఆ చప్పుడును అనుకరించబోయి అతను ఎనిమిది చీరలు పాడుచేసుకున్నాడు.

పేటలో ఆడవాళ్లు కండెలు చుడతారు, పడుగులు అతుకుతారు, గంజి కాస్తారు. గుంటలోకి దిగడం మాత్రం మగవాడి వంతు. ఆడది దిగిందంటే ఆ ఇంటి మగవాడు పనికి రాకుండా పోయాడనే లెక్క.

"మనుషులు మసకగా ఆనతన్నారండీ, పోగు ఆనట్లేదు. మూడేళ్లయింది" అన్నాడు అంకారావు, ఎవరికేసీ చూడకుండా.

అతను అడిగిన నాలుగు రోజులు ఎందుకో పానకాలుకు అప్పుడు తెలిసింది. చీర కోసేసి, మంచి పనివాడన్న పేరుతోనే ఇల్లు విడిచి వెళ్లిపోదామనుకున్నాడు. అంతకుమించి ఏమీ అడగలేదు.

చెంచురామయ్య గొడుగు ముడిచాడు. రూళ్ల ప్రకారం సభ్యుడు నెయ్యడం లేదు కాబట్టి ఇల్లు పోవాలి. అయితే అదంతా ఎలా రాస్తామన్న దాంట్లో ఉంటుంది కదా అని ఆయన పానకాలును పక్కకు పిలిచాడు. పక్కకంటే ఎంత, రెండడుగులు. అందరికీ వినపడుతూనే ఉంది.

"వీధి మీది. మీ మాటే రాస్తాను. ఇంట్లో మనిషి నేసినా సభ్యుడు నేసినట్టేనని రాయమంటారా?"

పానకాలు చీరకేసి చూశాడు. ఎర్రటి అంచు, తెల్లటి నేల. అంచు దగ్గర ఒక్క పేక కూడా లాగలేదు. అంకారావు తనకన్నా గొప్పవాడన్న బాధ అయినా ఇన్నాళ్లకు అలవాటైంది. తనకన్నా గొప్ప చెయ్యి ఈమెదా? తన తండ్రి ఈమెకు నేర్పలేదు, ఎవరూ నేర్పలేదు. మొగుడి పక్కన కూర్చుని చూసి నేర్చుకుంది. ఒప్పుకుంటే ఈ చీరలు ఇక మీదటా గుంటూరు వెళతాయి. షావుకారు బొటనవేలితో తడుముతూనే ఉంటాడు. గోడ అవతల ఆ చప్పుడు రోజూ వినపడుతూనే ఉంటుంది. సరేనన్న మాట నోటి దాకా వచ్చింది. వచ్చిన మాటను మింగేశాడు.

"రూలంటే అందరికీ ఒకటే గదండీ" అన్నాడు.

కోటిరత్నం మేక అదే సమయానికి అరిచింది. ఎవరూ నవ్వలేదు.

చెంచురామయ్య నెల రోజులు గడువు రాస్తానన్నాడు. అంకారావు అక్కర్లేదన్నాడు. సామ్రాజ్యం మిగిలిన చెంగు వీధి అందరూ చూస్తుండగానే నేసింది. చెంగుకు జరీ పని పెడితే నాలుగు రోజులు పట్టేది, సాదాగా అయితే మిగిలింది రెండు మూరలే. చెంగు అలాగే ముగించి, మిగిలిన మూరెడు పడుగు వదిలేసింది. దీపాలు పెట్టే వేళకు ముందు చీర కోసి మడతపెట్టి సంఘం మనిషికి ఇచ్చింది. చీరాలలో ఆమె అన్న ఉన్నాడు. ఉన్న సామాను రెండు మూటలు. రాత్రి బండికి బయలుదేరుతూ ఆమె ఎనిమిదో నంబరు మెట్టు దగ్గర ఆగింది.

"బావగారూ, తాళం చెవి. మగ్గం సంఘానిదే, అట్టాగే ఉంచా" అంది. గొంతులో కోపం లేదు. ఉంటే పానకాలుకు కొంచెం తేలికగా ఉండేది.

ఆమె ముందు నడుస్తుంటే, ఆమె భుజం మీది మూట కొస పట్టుకుని అంకారావు వెనక నడిచాడు. కుళాయి దగ్గర గుంట వచ్చింది. ఆమె ఏదో చెప్పింది, అతను కాలెత్తి దాటాడు. వాళ్లు మలుపు తిరిగేదాకా పానకాలు చూశాడు. ఇల్లు పోయింది, పేరు పోయింది, కళ్లు ముందే పోయాయి. అయినా ఆ నడిచిపోతున్నవాణ్ని చూస్తే పానకాలుకు అసూయే పుట్టింది. అది తెలిసి తనకే భయమేసింది.

లోపలికి వచ్చి, "నీకు ముందే తెలుసా?" అని రమణమ్మను అడిగాడు.

"వీధిలో ఆడవాళ్లందరికీ తెలుసు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఊరుకునేవాడివా?" అంది. అన్నం పెట్టి, తను తినకుండా వెళ్లి పడుకుంది.

తాళం వెయ్యాల్సింది వీధి పెద్దే. పానకాలు లాంతరు పట్టుకుని ఏడో నంబరు వసారా ఎక్కాడు. నేల ఊడ్చి ఉంది. కడుపు మండి మగ్గం దిగిపోయేవాడు పోగుకు పోగు దూర్చి ఉండే అచ్చు పళ్లలోంచి నూలు మొదలంటా కోసి పారేసి పోతాడు. తరవాత వచ్చినవాడు వేల పోగులు ఒక్కొక్కటీ అచ్చులోకి కొత్తగా ఎక్కించుకోవాలి. అలా చేసినవాళ్లను పానకాలు ఎరుగును. తనైతే అలాగే చేసేవాడు. లాంతరు మగ్గం మీదికి ఎత్తాడు. అచ్చులో మూరెడు పొడవున పోగులన్నీ అలాగే ఉన్నాయి. ఎర్రవి ఎర్రవాటితో, తెల్లవి తెల్లవాటితో చిన్న చిన్న ముడులు వేసి, రాబోయేవాడు తన పడుగు అతుక్కోవడానికి వీలుగా వరసగా వేలాడుతున్నాయి.